గట్టు తగాదా

మా నాన్న రైతు. తెనాలి దగ్గర మాకున్న మూడెకరాల గట్టు గురించి పక్క చేనివాళ్ళతో ఆయనకి జీవితమంతా తగాదానే. వేసవిలో సర్వేయరు వచ్చి గొలుసు వేసి కొలిచేవాడు, హద్దురాయి పాతేవాడు. వానలు పడి, దుక్కులు దున్నేసరికి గట్టు మళ్ళీ జానెడు అటో ఇటో జరిగేది. నేను ఫిజిక్సు చదివి లెక్చరరునై ఆ తగాదాల నుంచి బయటపడ్డానని సంబరపడ్డాను. కానీ ముప్ఫై అయిదేళ్ళు పాఠాలు చెబుతూ, తీరిక వేళల్లో కథల పోటీలకి న్యాయనిర్ణేతగా కూర్చుంటూ, నేనూ ఒక గట్టు కోసమే కొట్లాడాను. ఏది సైన్స్ ఫిక్షను, ఏది కాదు అన్నదే ఆ గట్టు.

కిందటి నెల మనవరాలు ఫోన్ చేసింది. హైదరాబాదులో ఎం.ఏ. చదువుతోంది. తెలుగులో వచ్చిన సైన్స్ ఫిక్షన్ కథలకి జాబితా వేస్తోందట. "తాతయ్యా, ముందు ఒక్క వాక్యంలో నిర్వచనం చెప్పు. అది పట్టుకుని ఏరుకుంటాను" అంది. నలభై ఏళ్ళ కిందట అడిగి ఉంటే తడుముకోకుండా చెప్పేవాణ్ణి. ఇప్పుడు డెబ్భై ఏడేళ్ళు. వాక్యం నోటికి రాలేదు. దాని బదులు ఇవి రాసి పంపాను. కథలు రాసే వయసులో ఉన్న మీకూ పనికొస్తాయేమో చూడండి.

1. పేరు పెట్టేనాటికే బిడ్డకి మీసాలొచ్చాయి.

ఉద్యోగంలో చేరిన కొత్తలో సైన్స్ క్లబ్బులో మాట్లాడుతూ, ఈ ప్రక్రియకి పితామహుడు జూల్స్ వెర్న్ అని బల్ల గుద్ది చెప్పాను. ఎవరూ కాదనలేదు. కాదనడానికి అక్కడ చదివినవాళ్ళెవరు? నేను చదివిందే నాలుగు పుస్తకాలు. తర్వాత తెలిసింది, తాను రాస్తున్నది సైన్స్ ఫిక్షనని వెర్న్ అనుకోనేలేదు. ఆ మాట 1851లో ఒక బ్రిటిష్ రచయిత పుస్తకంలో ఒకసారి తొంగిచూసి మరుగున పడిపోయింది. 1926 ఏప్రిల్లో అమెరికాలో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ 'అమేజింగ్ స్టోరీస్' అనే పత్రిక మొదలుపెట్టి, తాను వేసే కథలకి 'సైంటిఫిక్షన్' అని నోరు తిరగని పేరు పెట్టాడు. 1929లో ఆయన సంస్థ దివాలా తీసి పత్రిక చేజారింది. వెంటనే ఇంకో పత్రిక పెట్టి ఈసారి 'సైన్స్ ఫిక్షన్' అన్నాడు. అది నిలబడింది. అంటే మనం శాస్త్రార్థం చేస్తున్న ఈ మాట ఒక వ్యాపారి కొట్టు మీద రాయించుకున్న బోర్డు. కొట్లో తొలి సరుకంతా పాతదే: ఎడ్గార్ అలన్ పో, వెర్న్, వెల్స్.

పేరు వెనక్కి పాకింది కాబట్టి తాతలూ వెనక్కి దొరుకుతూ పోయారు. 1973లో బ్రయాన్ ఆల్డిస్ అనే రచయిత, అసలు మొదలు 1818లో మేరీ షెల్లీ రాసిన 'ఫ్రాంకెన్‌స్టైన్' అన్నాడు. కాదు, 1634లో అచ్చయిన కెప్లర్ 'సోమ్నియం' అన్నవాళ్ళున్నారు. గ్రహాల నడకకి సూత్రాలు కట్టిన ఆ మహానుభావుడు, కథలో మనిషిని చంద్రుడి మీదికి పంపాల్సి వచ్చేసరికి మాత్రం ఒక భూతాన్ని పిలిచాడు! ఇంకా వెనక్కి పోతే రెండో శతాబ్దపు లూసియన్. యంత్రమే ముఖ్యమంటే వెర్న్ తాత. సృష్టించిన మనిషి బాధ్యత ముఖ్యమంటే మేరీ షెల్లీ నాయనమ్మ. అన్య లోకయానమే ముఖ్యమంటే లూసియన్ ముత్తాత. నిర్వచనం మార్చండి, వంశవృక్షం మారిపోతుంది. ఆ సంగతి తెలియక నేను వెర్న్‌ని తాతని చేసి, వెర్న్‌లా లేనివాళ్ళందరినీ దాయాదుల్లో కూడా లెక్కవెయ్యలేదు.

2. కొలబద్దని కూడా ఎవరో ఒకరు కొలవాలి.

ఫిజిక్సు మాస్టారిని కదా, నా పరీక్ష సులువుగా ఉండేది. కథలో భౌతికశాస్త్ర సూత్రాలు చెడకూడదు. చెడితే అది అభూతకల్పన. ఈ పరీక్షకి నేను సాక్ష్యంగా పిలిచేది వెర్న్, వెల్స్ మధ్య ఉన్న తేడాని. 1865 నవలలో వెర్న్ మనుషుల్ని ఫిరంగితో చంద్రుడి వైపు పేలుస్తాడు. 1901లో వెల్స్ గురుత్వాకర్షణని అడ్డుకునే ఒక పదార్థాన్ని తనకి తానే పుట్టించుకుని, దానితో చంద్రుడి మీదికి పంపుతాడు. ముసలివాడయ్యాక వెర్న్ ఇదే ఎత్తిచూపి, తాను శాస్త్రాన్ని వాడుకున్నానని, వెల్స్ కల్పించుకున్నాడని సణిగాడు. నేను వెర్న్ పక్షం.

ఒక రోజు ఇంటర్ రెండో సంవత్సరం క్లాసులో ఈ సంగతే గొప్పగా చెబుతున్నాను. వెనక బెంచీలో ఒక కుర్రాడు, ఎప్పుడూ నోరు విప్పనివాడు, లేచి, "సార్, ఆ ఫిరంగి పొడుగెంత?" అన్నాడు. తొమ్మిది వందల అడుగులన్నాను. "గుండు బయటికొచ్చే వేగం?" సెకనుకి పదకొండు కిలోమీటర్లకి కాస్త అటూ ఇటూ అన్నాను. మేం వారం కిందటే చేసిన లెక్క: తుది వేగం వర్గాన్ని దూరానికి రెట్టింపుతో భాగిస్తే త్వరణం. వాడు బోర్డు దగ్గరికొచ్చి చేశాడు. భూమ్యాకర్షణకి సుమారు ఇరవై రెండు వేల రెట్లు. వెర్న్ అడుగున నీళ్ళ పరుపు వేసి ప్రయాణికుల్ని కాపాడాననుకున్నాడు గానీ, ఆ ఒత్తిడికి మనుషులు పచ్చడి కాదు, పూత అయిపోతారు. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను, కొంచెం ఆలస్యంగా.

శాస్త్రం వాడుకున్నాననుకున్న వెర్న్ లెక్క తప్పాడు. వెల్స్ మాత్రం, "ఒక్క అబద్ధం ఒప్పుకోండి, మిగిలినదంతా నిజాయితీగా నడుపుతాను" అన్నట్టు రాశాడు. కాంతికన్నా వేగంగా పోయే నౌకలు, గతంలోకి పోయే యంత్రాలు, మనసులు చదివే గ్రహాంతరవాసులు, వీటన్నిటినీ నా పరీక్షలో తప్పిస్తే ఈ ప్రక్రియలో మిగిలేది గుప్పెడు. అయినా నేను ఆ కొలబద్ద పారెయ్యలేదు. ఇంకో పదేళ్ళు దాంతోనే కొలిచాను. ఆ పదేళ్ళలోనే కింద చెప్పబోయే పని చేశాను.

3. కథని అడగకూడనిది అడిగితే అది నోరు మూసుకుంటుంది.

1986లో ఒక వారపత్రిక వైజ్ఞానిక కథల పోటీ పెట్టింది. సబ్ ఎడిటర్లు వడపోసి నలభై కథలు నా ఇంటికి పంపారు. వాటిలో ఒకటి రూళ్ళ కాగితం మీద, రెండు వైపులా, నీలం సిరాతో రాసింది. కాగితానికి ఒక వైపే రాయాలన్నది నిబంధన. అక్కడే నా మొహం చిట్లింది. హామీపత్రం మీద ఒక స్త్రీ పేరు, రాయలసీమలో ఒక ఊరి పేరు.

కథ ఇది. ఆ ఊళ్ళో వాన కార్డు మీద ఇస్తారు. కుటుంబానికి ఏడాదికి ఇన్ని వానలని లెక్క. డీలరు దగ్గరికి పోయి రిజిస్టరులో వేలిముద్ర వేస్తే, ఫలానా రోజు ఫలానా చేనులో వాన పడుతుంది, ఆ చేనులో మాత్రమే. కిలో రెండు రూపాయల బియ్యం రోజులు కాబట్టి ఆ డీలరు, ఆ క్యూ, ఆ "స్టాకు లేదు, రేపు రా" అన్నీ మన కళ్ళ ముందు ఉన్నవే. ఒక ఇంట్లో మొగుడు చచ్చిపోతాడు. కార్డులో పేరు కొట్టేస్తారు. ఆమెకి ఇక సగం వాన. ఏ సగమని అడిగితే డీలరుకి తెలియదు, రిజిస్టరులో ఆ గడి లేదు. చివరికి వాన వస్తుంది. చేను మధ్యలో గీత గీసినట్టు, గట్టుకి ఇవతల పడుతుంది, అవతల పడదు. ఆమె ఆ గీత వెంబడి నడుచుకుంటూ పోతుంది, ఒక భుజం తడుస్తూ, ఒక భుజం పొడిగా. అంతే కథ.

నేను ఎర్రసిరాతో రాశాను: "వాన ఎలా కురిపిస్తున్నారు? యంత్రమా, రసాయనమా? శాస్త్రీయ వివరణ లేదు. ఇది సాంఘిక కథ. పోటీ పరిధిలోకి రాదు." మొదటి బహుమతి ఒక మరమనిషి కథకి ఇచ్చాను. ఆ మరమనిషి మెదడు ఎలా పనిచేస్తుందో మూడు పేజీల వివరణ, చివర్లో దాని కంట్లోంచి ఒక చుక్క నీరు. ఆ కథ ఎవరికీ గుర్తులేదు. రాసినాయనకీ గుర్తుండదని నా అనుమానం.

2004 తర్వాత కొన్నేళ్ళు మన ప్రభుత్వం రాయలసీమలో మేఘమథనం చేయించింది. అప్పటికి రిటైరు కావడానికి దగ్గర్లో ఉన్నాను. పిల్లలకి చెబుదామని ఆ సంగతి చదవడం మొదలుపెట్టాను. మబ్బుల్లో వెండి అయొడైడు చల్లే పద్ధతి 1946లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో తేలింది. ఆ స్ఫటికాల అమరిక మంచు స్ఫటికాల అమరికకి దగ్గరగా ఉంటుంది కాబట్టి, గడ్డకట్టకుండా తచ్చాడుతున్న నీటి బిందువులు వాటిని పట్టుకుని గడ్డకడతాయి. కనిపెట్టినాయన పేరు బెర్నార్డ్ వానెగట్. ఆ ఇంటిపేరు చూసి ఆగాను. ఆయన తమ్ముడు కర్ట్ వానెగట్, నవలాకారుడు, అదే కంపెనీలో ప్రచార విభాగంలో పనిచేశాడు. 1963లో ఆ తమ్ముడు రాసిన నవలలో ఒక పలుకు మంచు ఉంటుంది. అది తాకిన నీళ్ళన్నీ మామూలు వేడిలోనే గడ్డకట్టేస్తాయి. అన్న మబ్బులో చేసిందే తమ్ముడు సముద్రానికి చేశాడు.

ఆ రాత్రి వాన కార్డు కథ గుర్తొచ్చింది. నేనడిగిన శాస్త్రీయ వివరణ ఇప్పుడు నా చేతిలో ఉంది, రెండు వాక్యాలు. ఆ రెండు వాక్యాలూ ఆ కథలో ఎక్కడ పెట్టాలా అని చాలాసేపు ఆలోచించాను. ఎక్కడ పెట్టినా అడ్డమే. ఆ ఊరి మనిషికి వాన ఎలా వస్తుందో తెలియదు. తెలియకపోవడంలోనే ఆ లోకం ఉంది. కరెంటు బిల్లు కట్టేవాళ్ళలో ట్రాన్స్‌ఫార్మరు సంగతి ఎంతమందికి తెలుసు? ఒక కొత్త సంగతి లోకంలో పడింది, దానివల్ల రిజిస్టరు, డీలరు, వితంతువు, గట్టు, ప్రతీదీ ఎలా మారిందో ఆమె తర్కం తప్పకుండా చూపించింది. నేను అడిగిన ప్రశ్న ఇంజనీర్ని అడగాల్సింది.

4. జోస్యం నెరవేరితే జ్యోతిష్కుడికి గొప్ప, కథకి కాదు.

నా ఉపన్యాసాల్లో ఇంకో అరిగిపోయిన రికార్డుండేది: నిన్నటి సైన్స్ ఫిక్షను నేటి నిజం, కనుక పిల్లలు చదవాలి. ఉపగ్రహాల సంగతి ఆర్థర్ క్లార్క్ ముందే ఊహించాడు చూడండి అనేవాణ్ణి. క్లార్క్ 1945లో ఆ ఊహ చెప్పింది ఒక రేడియో సాంకేతిక పత్రికకి రాసిన వ్యాసంలో. కథలో కాదు. జోస్యం చెప్పదలుచుకున్నప్పుడు ఆయనకి కథ అక్కరలేకపోయింది. 'ది లెఫ్ట్ హ్యాండ్ ఆఫ్ డార్క్‌నెస్' (1969) నవలకి 1976లో రాసిన ముందుమాటలో ఉర్సులా లెగ్విన్ ఈ భ్రమని నిర్మొహమాటంగా కొట్టేసింది. తాను రేపటిని చెప్పడం లేదని, ఇవాళ్టినే ఇంకో వెలుగులో చూపిస్తున్నానని ఆమె వాదన.

మేఘమథనం వార్తలు చూసి నా మిత్రుడొకాయన, "అయితే ఆ వాన కార్డు కథ రాసినావిడ ముందే చెప్పిందన్నమాట!" అన్నాడు. చెప్పలేదు. వాన కార్డు రాలేదు, వస్తుందనీ ఆమె అనలేదు. రాకపోయినా ఆ కథ నిజమే.

5. పెరటి చెట్టు మందుకి పనికిరాదనుకోవడం చదువుకున్నవాళ్ళ జబ్బు.

నిర్వచనాలన్నీ నేను ఇంగ్లీషు పుస్తకాల్లోంచి తెచ్చుకున్నాను. అమెరికా పత్రికల వాళ్ళు గీసిన గీత పట్టుకుని ఇక్కడి కథల్ని కొలిచాను. గెర్న్స్‌బ్యాక్ బోర్డు కట్టడానికి ముప్ఫై ఏళ్ళ ముందే, 1896లో, జగదీశ్ చంద్ర బోస్ బెంగాలీలో ఒక కథ రాశాడు. కలకత్తా మీదికి రాబోయే తుఫాను మాయమైపోతుంది. వాతావరణ శాఖవాళ్ళకి అంతుపట్టదు. అసలు సంగతేమిటంటే, ఓడలో పోతున్న కథకుడు సీసాడు తలనూనె సముద్రంలో పోశాడు! ఆ కథకి బహుమతి ఇచ్చింది తలనూనె కంపెనీ. కథలో నూనె ప్రస్తావన ఉండాలన్నది పోటీ షరతు. ఇది విజ్ఞానమా, హాస్యమా, ప్రకటనా? మూడూను. నూనె నీటి మీద పలచటి పొరగా పరుచుకుని అలల్ని అణచడం నిజంగా జరిగే పనే. బెంజమిన్ ఫ్రాంక్లిన్ పద్దెనిమిదో శతాబ్దిలోనే చెరువు మీద చెంచాడు నూనె పోసి చూశాడు. తుఫానుకి సీసాడు చాలుతుందా అన్నది మాత్రం బోస్ నవ్వుతూ వదిలేశాడు.

అంతకన్నా నన్ను కుదిపింది రొకియా బేగం. 1905లో 'సుల్తానాస్ డ్రీమ్' అనే కథ ఇంగ్లీషులో రాసింది. అది అచ్చయింది ఎక్కడో కాదు, మన మద్రాసులో, 'ది ఇండియన్ లేడీస్ మ్యాగజైన్'లో. ఆ కథలో ఆడవాళ్ళు దేశం ఏలుతుంటారు, మగవాళ్ళు పరదా చాటున వంటింట్లో ఉంటారు. ఒక స్త్రీల విశ్వవిద్యాలయం వాళ్ళు బెలూను ఎగరేసి మబ్బుల్లోంచి నీళ్ళు దించుకుంటారు. ఇంకొకరు ఎండ వేడిమిని పోగుచేసి వాడుకుంటారు. యంత్రం ఎలా పనిచేస్తుందో రొకియా కూడా పెద్దగా చెప్పదు. వంటగదిలో పొగ లేదని చెబుతుంది, అంతే. 1986లో నేనది చదివి ఉంటే, వాన మీద కథ రాసిన ఆడమనిషిని చూసి ఆమెకి ఎనభై ఏళ్ళ వెనక ఒక అక్క ఉందని గుర్తుపట్టేవాణ్ణి. అప్పటికి ఆ కథ పేరు కూడా నేను వినలేదు.

ఒప్పుకోవలసింది ఇంకొకటుంది. 1974 ప్రాంతంలో జయంత్ నార్లీకర్ మరాఠీలో కృష్ణబిలం మీద కథ రాసి మరాఠీ విజ్ఞాన పరిషత్తు పోటీకి పంపినప్పుడు, తన పేరు చూసి బహుమతి ఇచ్చేస్తారేమోనని ఇంటిపేరు, పేరుల తొలి అక్షరాలు తిరగేసి నారాయణ్ వినాయక్ జగ్తాప్ అనే మారుపేరు పెట్టుకున్నాడు. బహుమతి వచ్చింది. అంత పెద్ద ఖగోళ శాస్త్రవేత్త అంత జాగ్రత్త పడ్డాడంటే న్యాయనిర్ణేతల సంగతి ఆయనకి బాగా తెలుసన్నమాట. వాన కార్డు కథ ఎవరైనా ప్రొఫెసరు పేరుతో, టైపు చేసి వచ్చి ఉంటే, నేను ఎర్రసిరా పెన్ను తీసేవాణ్ణా? తీసేవాణ్ణి కాదేమో.

6. పుష్పకాన్ని విమానం చేస్తే రెండూ కూలతాయి.

ఇరవై అయిదేళ్ళప్పుడు, 1973లో, ఒక సావనీరుకి వ్యాసం రాశాను. లోకంలో తొలి సైన్స్ ఫిక్షను మన పురాణాలేనని, పుష్పకం వెనక విమానశాస్త్రం ఉందని. చప్పట్లు బాగా పడ్డాయి. మరుసటి ఏడాదే బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో అయిదుగురు, నేను ఆధారంగా చూపిన 'వైమానిక శాస్త్రం' అనే గ్రంథాన్ని పరిశీలించారు. అది ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో చెప్పి రాయించినదని, అందులో బొమ్మలు గీసిన యంత్రాలేవీ ఎగరలేవని తేల్చారు. ఆ నివేదిక నా కంటపడేసరికి చాలా ఏళ్ళయింది. సవరణ రాయాలనుకున్నాను. రాయలేదు.

పురాణం చెప్పినవాడు పుష్పకం ఎలా ఎగిరిందని ఎవరికీ జవాబుదారీ కాదు. దాన్ని శాస్త్రమంటే చరిత్రకి అబద్ధం, పురాణానికి అవమానం. ఇంతవరకు నాకు సందేహం లేదు. చిక్కు దీని పక్కనే మొదలవుతుంది. 'మాయాబజార్' (1957)లో ప్రియదర్శిని పెట్టె మూత తీస్తే, ఎవరికి ఏది ప్రియమో అది కనిపిస్తుంది. ఇవాళ మా ఇంట్లో చిన్నపిల్లలు దాన్ని వీడియో కాల్ అంటున్నారు. పొరపాటు పడుతున్నారు: ఫోను మనం పిలిచినవాళ్ళని చూపిస్తుంది, పెట్టె మనం దాచుకున్నదాన్ని చూపిస్తుంది. 'ఆదిత్య 369' (1991)లో కాలయంత్రం ఎక్కి 1526లో కృష్ణదేవరాయల కొలువుకి పోతారు. యంత్రం తీసేసి ముని వరం పెట్టండి, ఆ కొలువు దృశ్యాల్లో ఒక్క మాట మార్చనక్కరలేదు, అయినా అది జానపదమైపోతుంది. తర్వాత 2504కి పోయే భాగం మాత్రం వరంతో అతకదు. అంటే ఒకే సినిమాలో గట్టు మధ్యలోంచి పోతోంది. 'కల్కి 2898 ఏడీ' (2024) అయితే గట్టునే దున్నేసింది. అశ్వత్థామ ఒక వైపు, మాట్లాడే కారు ఇంకో వైపు. పక్క సీట్లో మనవరాలు, "ఇప్పుడేమంటావ్ తాతయ్యా?" అన్నట్టు నావైపు చూసింది. పాప్‌కార్న్ అందుకున్నాను.

విశ్వనాథ సత్యనారాయణగారి 'హాహాహూహూ' మరీ గడుసుది. గుర్రపు తల ఉన్న గంధర్వుడొకడు లండన్ ట్రఫాల్గర్ స్క్వేర్లో వచ్చి పడతాడు. ఇంగ్లీషువాళ్ళు బోనులో పెట్టి పరీక్షలు మొదలుపెడతారు. వాళ్ళ దృష్టిలో అది ఏదో అన్యలోకపు జీవి, అచ్చం గ్రహాంతరవాసి కథ. గంధర్వుడి వైపు నుంచి చూస్తే శాపమో ప్రమాదమో, పురాణకథ. ఎవరు చదువుతున్నారన్న దాన్నిబట్టి ఆ పుస్తకం ప్రక్రియ మారుతుంది. విశ్వనాథవారికి ఈ మాట చెబితే ఒప్పుకునేవారా అంటే అనుమానమే. నా జాబితాలో మాత్రం దానికి చోటుండేది కాదు. మనవరాలి జాబితాలో పెట్టమన్నాను.

7. అదే గుమ్మం ఒకరికి అవమానం, ఒకరికి ఆశ్రయం.

కర్ట్ వానెగట్ తాను పనిచేసిన కంపెనీ ఫ్యాక్టరీని చూసి రాసిన మొదటి నవల 1952లో వచ్చింది. తాను సైన్స్ ఫిక్షన్ రచయితనని ఆయనకి సమీక్షకులు చెప్పాకే తెలిసిందట. సైన్స్ ఫిక్షన్ అనే సొరుగులో పడేశాక పెద్ద విమర్శకులు దానివంక మర్యాదగా చూడరని వాపోయాడు. మార్గరెట్ ఆట్‌వుడ్ 1985 నవల 'ది హ్యాండ్‌మెయిడ్స్ టేల్'కి 1987లో మొట్టమొదటి ఆర్థర్ సి. క్లార్క్ అవార్డు, అంటే సైన్స్ ఫిక్షన్ అవార్డు, వచ్చింది. ఆమె మాత్రం తనది ఆ ప్రక్రియ కాదనే అంటూ వచ్చింది. మన దగ్గర ఈ గొడవ ఇంకా చిన్నది, ఇంకా చేదుది. సాహిత్య సభల్లో వేదిక మీద వైజ్ఞానిక కథకుణ్ణి "పిల్లల కథలు రాస్తారు" అని పరిచయం చెయ్యడం నేను రెండుసార్లు విన్నాను. రెండుసార్లూ వేదిక మీద ఉన్నాను. సర్దిచెప్పలేదు.

8. వేలు చూపించేవాడి చెయ్యి కూడా చూడాలి.

1952లోనే డామన్ నైట్ అనే అమెరికన్ విమర్శకుడు, మనం వేలుపెట్టి దేన్ని చూపించి సైన్స్ ఫిక్షన్ అంటామో అదే సైన్స్ ఫిక్షన్ అన్న అర్థంలో తేల్చేశాడు. మొదటిసారి చదివినప్పుడు ఇది చేతగానివాడి మాటనుకున్నాను. తర్వాత 1979లో డార్కో సువిన్ పుస్తకం వచ్చింది. మన లోకంలో లేని ఒక కొత్త వస్తువు, దాని చుట్టూ హేతుబద్ధంగా అల్లుకున్న లోకం, దానివల్ల మనకి అలవాటైన లోకమే కొత్తగా, పరాయిగా కనిపించడం అన్నాడు. ఇప్పటికీ నాకు అన్నిటికన్నా పనికొచ్చేది ఇదే. దీని ప్రకారం వాన కార్డు ఒడ్డున పడుతుంది. కానీ దీని ప్రకారం తీస్తే, అంతరిక్షంలో కత్తియుద్ధాలు చేసుకునే సినిమాలు సగం పోతాయి. ఆ సినిమాలు చూసే ఈ ప్రక్రియలోకి వచ్చిన పిల్లలతో ఈ మాట చెప్పి చూడండి, మీ సంగతి మీకే తెలుస్తుంది.

కాబట్టి తిరిగి నైట్ దగ్గరికే వస్తున్నాను, ఒక్క తేడాతో. ఆయన వేలు గురించి చెప్పాడు, అది ఎవరి వేలో చెప్పలేదు. 1926లో గెర్న్స్‌బ్యాక్ వేలు. తర్వాత అమెరికా సంపాదకుల వేలు. 1986లో ఒక వారపత్రిక పోటీలో, రాయలసీమ నుంచి వచ్చిన రూళ్ళ కాగితాల మీద, నా వేలు. మా నాన్న సర్వేయరుకి ఏటా మజ్జిగ ఇచ్చి గొలుసు ఎటు లాగుతున్నాడో కళ్ళార్పకుండా చూసేవాడు. ఆమెకి అలా చూసే అవకాశం లేదు.

కథ వెనక్కి కావాలంటే తగినన్ని స్టాంపులు అంటించిన కవరు జతచెయ్యాలన్నది అప్పటి నిబంధన. ఆమె కవరు పెట్టింది. దాన్లోనే కథ తిప్పి పంపారు, నా ఎర్రసిరాతో సహా. ఆ తర్వాత ఆమె కథ ఏ పత్రికలోనూ నా కంటపడలేదు. పత్రిక మూతపడింది, కాగితాలు కిలోల లెక్కన పోయాయి. కొన్నాళ్ళు ఆ ఊరి పేరు గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. "పల్లి" అని ముగుస్తుందనే గుర్తు. రాయలసీమలో అలా ముగిసే ఊళ్ళు ఎన్నో మీకు తెలుసు.

ఇదంతా చదివి మనవరాలు మళ్ళీ ఫోన్ చేసింది. నిర్వచనం అడగలేదు. జాబితాలో వాన కార్డు కథని ఎక్కించిందట. వరుస చదివి వినిపించమన్నాను. శీర్షిక: తెలియదు. రచయిత్రి: తెలియదు. సంవత్సరం: 1986. ప్రచురణ అనే గడి దగ్గర కొంచెం తటపటాయించింది. చదవమ్మా అన్నాను. "తాతయ్య తిప్పి పంపారు" అని రాసిందట.

ఉంచమన్నాను.